పెంకుల ఫ్యాక్టరీలో మా ఆయన నౌకరి

మా ఆయన పెంకుల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి నౌకరి చేశాడు. ప్రెస్సు మీద పని. మెత్తటి మట్టి పలకను అచ్చులో పెట్టి, పెద్ద పిడి తిప్పి, ఒత్తిన పెంకును రెండు చేతుల మీద దించి అరల్లో ఆరబెట్టాలి. పొద్దుగూకే దాకా అదే. అన్నేళ్ళలో ఆయన చేతులకు మట్టి అంటుకోవడం నేను చూసింది రెండే సార్లు. ఒకటి వానాకాలంలో ఫ్యాక్టరీ గేటు ముందర కాలు జారి పడ్డప్పుడు. రెండోది ఆయనకు సన్మానం జరిగిన రోజున. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

ప్రెస్సు మీద పనిచేశాడన్నదీ నిజమే, మట్టి ముట్టలేదన్నదీ నిజమే. రెండూ ఒకేసారి ఎట్లా నిజమయ్యాయో చెప్పాలంటే మా అత్తగారి ఊరి గురించి, ఆ ఇంటి మగవాళ్ళ తెలివి గురించి చెప్పాలి. రెండోదానికి ఎక్కువసేపు పట్టదు.

మా పుట్టిల్లు కరీంనగర్ పక్కన. మా బాపుకు భూమి బాగానే ఉండేది, కానీ మనిషి పొలంలోనే ఉండేవాడు. నాగలి పట్టడం ఆయనకు చిన్నతనం కాదు. నన్ను డెబ్బైల మొదట్లో గోదావరి దాటించి, ఖానాపూర్ దగ్గర ఊళ్ళో పటేళ్ళ ఇంట్లో ఇచ్చారు. అక్కడ మగవాళ్ళు పొలానికి పోవడమంటే గొడుగు పట్టించుకుని గట్టు మీద నిలబడి రావడం. దానికే ఇంటికొచ్చి కాళ్ళు చాపేవాళ్ళు. దున్నేది జీతగాడు, నీళ్ళు కట్టేది జీతగాడు, కోసి కుప్ప వేసేది జీతగాడు. సంవత్సరానికి ఇన్ని గింజలని మాట్లాడుకుని ఇంటిని నమ్ముకుని ఉండే మనిషిని మా దిక్కున జీతగాడంటారు. జీతం మాట పేరులోనే ఉండేది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే నది ఒడ్డున పెంకుల ఫ్యాక్టరీ వచ్చింది. ఆ ఒడ్డు మట్టి జిగట మట్టి. జొన్న వేస్తే అరిగోస పడి మొలిచేది, పెంకులకు మాత్రం బంగారం లాంటిదని పట్నం నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. భూమి ఇచ్చిన ఇంటికి నష్టం కింద డబ్బూ, దాంతో పాటు ఇంటికో నౌకరీ అన్నారు. ఊళ్ళో పటేళ్ళ ఇళ్ళన్నీ ఎగబడి ఇచ్చాయి. మా మామ అందరికన్నా ముందు వేలిముద్ర కాకుండా సంతకం పెట్టి వచ్చానని చాలాకాలం చెప్పుకున్నాడు.

తీరా ఆ నౌకరి ప్రెస్సు మీద పని అని తెలిసేసరికి ఇంట్లో చావు జరిగినట్టయింది. కుర్చీలో కూర్చునే పనులకు చదువు కావాలన్నారు. మా ఆయన పదో తరగతిని రెండు మూడేళ్ళు పలకరించి, అది ఒప్పుకోకపోతే ఇంటికి వచ్చినవాడు.

"మట్టి పిసుకుడు కుమ్మరోళ్ల పని," అన్నాడు మా మామ, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గుమస్తాతో. "మా పిలగాడు మట్టి పిసుకుతడా? గంత పాడు దినం రాలే మాకు."

"అట్లయితె వద్దని రాసియ్యుండ్రి పటేలా. ఇంకొకల్లకిస్తరు," అన్నాడు గుమస్తా.

ఇంకొకరికి అనేసరికి మా మామ ముఖం మారింది. వద్దనడం వేరు, అది ఇంకొకడికి పోవడం వేరు. కాసేపు మీసం దువ్వుకుని తీర్పు చెప్పాడు. "నౌకరి ఇడ్సుడెందుకు? పేరు మావోనిదే ఉండనియ్యి. పనికి జీతగాన్ని తోలుత. పెంకలు గావాలె గద మీకు? చెయ్యి ఎవనిదైతేంది?"

ఊళ్ళో మిగతా పటేళ్ళు కూడా ఇదే మాట చెప్పారట. ఒకరికొకరు చెప్పుకోకుండానే అందరికీ ఒకే ఆలోచన వచ్చింది. వాళ్ళ దృష్టిలో ఫ్యాక్టరీ అంటే పైన రేకులు కప్పిన ఇంకో పొలం. పొలం తమ పేరు మీద ఉంటుంది, చాకిరీ జీతగాడిది, పంట తమది. యంత్రాలు పెట్టినంత మాత్రాన ఈ పద్ధతి మారుతుందని ఎవరికీ తోచలేదు. ఫ్యాక్టరీ వాళ్ళు ఒప్పుకోకపోతే బాగుండేది. ఒప్పుకున్నారు. మంది కావాలి, గొడవ వద్దు, అంతే వాళ్ళకు కావలసింది.

అట్లా మా జీతగాడు ఫ్యాక్టరీ మనిషి అయ్యాడు. పొద్దున మా కొట్టంలో పెండ తీసి, గొడ్లకు మేత వేసి, గటక తాగి పోయేవాడు. గేటు దగ్గర పేరు చెప్తే కాపలాదారు ఇత్తడి బిళ్ళ ఇస్తాడు. మా జీతగాడు మా ఆయన పేరు చెప్పేవాడు. ఆ బిళ్ళతో లోపలికి పోయి, పని అయ్యాక తిరిగిచ్చేసి, మా ఇంటికొచ్చి మళ్ళీ గొడ్లకు నీళ్ళు పెట్టేవాడు.

మా ఆయన అన్నం తిని, ఇస్త్రీ ప్యాంటు వేసుకుని, ఎండ బాగా వచ్చాక మోటార్ సైకిల్ మీద బయలుదేరేవాడు. క్యాంటీన్ వెనకాల రేకుల కింద పటేళ్ళ ఇళ్ళ నుంచి వచ్చిన కార్మికులంతా చేరి పేకాట ఆడేవాళ్ళు. చాయ్‌లు అక్కడికే వచ్చేవి. జీతాలిచ్చే రోజు మాత్రం మా ఆయన కాపలాదారు కన్నా ముందు గేటు దగ్గరుండేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి మంచం మీద వాలి, "నడుం పట్టేసింది, జర వేన్నీళ్ళు పెట్టు," అనేవాడు.

"కూసోని కూసోని పట్టేసింది గావొచ్చు," అనేదాన్ని.

"నీకేం దెలుసు ఫ్యాక్టరీ పని?" అనేవాడు. నాకు తెలియదన్న మాట నిజమే. ఆయనకూ తెలియదన్నది ఆయనకు గుర్తుండేది కాదు.

జీతగాడి గురించి చెప్పాలి. అతను బుద్ధిమంతుడేం కాదు. నోటి దురుసు, కల్లు పిచ్చి, గొప్పలు చెప్పుకోవడం అన్నీ ఉన్నాయి. గొడ్ల పని మీద ఎన్నడూ శ్రద్ధ లేదు. మా ఎద్దు ఒకటి అతని వల్లే కుంటిదయిందని మా అత్త చచ్చేదాకా తిట్టింది. కానీ ప్రెస్సు మీద అతనికి పిచ్చి ప్రేమ పుట్టింది. సాయంత్రం కొట్టం ముందర కూర్చుని, లేని పిడిని గాలిలోనే తిప్పుతూ నాకూ వాళ్ళావిడకూ కథలు చెప్పేవాడు. వాళ్ళావిడ మా వాకిట్లో పనిచేసేది. తక్కువ మాట్లాడే మనిషి.

"సేన్ల జేస్తె ఏం గనవడ్తది పటేలమ్మా?" అనేవాడు. "వానొస్తె ఒక తీరు, రాకుంటె ఒక తీరు. గీడ పిడి తిప్పిన్నంటె ఠప్పున పెంక పడ్తది. ఇగో, నేను జేసిన అని జూపెట్టొచ్చు."

"ఎవలికి జూపెడ్తవు?" అని వాళ్ళావిడ అడిగేది. "పేరు పటేల్‌ది గద."

అదే అతని బాధ. తన పేరు మీద ఒక బిళ్ళ కావాలి. అది దొరికితే జీతం తన చేతికొస్తుంది, ఫ్యాక్టరీ వాళ్ళిచ్చే రేకుల ఇల్లు ఒకటి దొరుకుతుంది, మా ఇంటి జీతం విడిచిపెట్టవచ్చు. "నా పోరగాండ్లు మీ కొట్టంల పెండ తియ్యద్దు పటేలమ్మా," అని నా ముఖం మీదే అన్నాడొక రోజు. నాకు కోపం రాలేదు. ఆ ఇంట్లో అంత సూటిగా ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

మా మామను అడిగితే, "ఖాళీ వడనియ్యిరా, నేను జెప్పి పెట్టిస్త," అనేవాడు. ఆ మాట ఆయన ఏటా అన్నాడు. జీతగాడు ఏటా నమ్మాడు.

ఇంతలో ఫ్యాక్టరీలో కొత్త మేనేజర్ వచ్చాడు. కృష్ణా వైపు మనిషి, తెల్లటి చొక్కా, మెత్తటి మాట. ఎక్కువ పెంకులు తీసిన ప్రెస్సుకు బోనస్ ఇస్తానని చెప్పాడు. దాంతో పటేళ్ళకు పౌరుషం వచ్చింది. తాము పని చేయాలన్న పౌరుషం కాదు. పక్కింటి పటేల్ ప్రెస్సు మీద మన ప్రెస్సు కన్నా ఎక్కువ పెంకులు పడుతున్నాయంటే మా మామకు అన్నం సహించేది కాదు. పొలం పనులు లేని రోజుల్లో ఇంకో జీతగాడిని కూడా తోలేవాడు. పలకలు మోయడానికి మా జీతగాడి భార్యను కూడా పంపేవాడు. పక్కింటి పటేల్ ఇంకొంతమందిని పంపేవాడు. గేటు దగ్గర ఒక బిళ్ళకు ఇంతమంది లోపలికి పోతున్నారేమిటని కాపలాదారు అడగలేదు. అతనికి మా ఇళ్ళ నుంచి కూరగాయలు పోయేవి.

ఆ రోజుల్లోనే ఒకసారి ఫ్యాక్టరీ గేటుకు పెద్ద గుడ్డ కట్టారు. దాని మీద అప్పటిదాకా మా ఊళ్ళో ఎవరూ వినని మాట ఒకటి ఉంది. ఉత్పాదకత. మా మామ దాన్ని కూడబలుక్కుని చదివి, "గిదేం దేవునిదిరా?" అని అడిగాడు. దేవుడు కాదు, ఉత్పాదకతా వారోత్సవం. హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసర్లు జీపుల్లో వచ్చారు. వాళ్ళ లెక్క చాలా సులువు. ఫ్యాక్టరీలో వచ్చిన పెంకులన్నిటినీ పనివాళ్ళ సంఖ్యతో భాగించాలి. వచ్చినదాన్ని బట్టి ఎవరు బాగా కష్టపడుతున్నారో తెలుస్తుంది.

పనివాళ్ళంటే బిళ్ళలున్నవాళ్ళు. అంటే క్యాంటీన్ వెనకాల పేకాడేవాళ్ళు. పెంకులన్నీ లెక్కలోకి వచ్చాయి. చేసినవాళ్ళు ఒక్కరూ రాలేదు. ఇక ఆ భాగహారం ఎంత అందంగా వచ్చి ఉంటుందో ఎవరైనా ఊహించుకోవచ్చు. చుట్టుపక్కల జిల్లాలన్నిటిలో తలకు అన్ని పెంకులు తీసే ఫ్యాక్టరీ ఇంకొకటి లేదని తేల్చి ఒక షీల్డు ఇచ్చారు. అందరికన్నా ఎక్కువ పెంకులు మా ప్రెస్సు మీద పడ్డాయి కనుక ఉత్తమ కార్మికుడు మా ఆయన అయ్యాడు.

మా అత్త దిష్టి తీసింది. నేను పక్కన నిలబడి నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

సభకు ఊరంతా పోయింది. ఆడవాళ్ళకు ఒక పక్కన జంపఖానా వేశారు. మా ఆయన మెడలో దండలు పడ్డాయి, శాలువా కప్పారు. అంతటితో ఊరుకుంటే మర్యాదగా ఉండేది. పెద్ద ఆఫీసరుకు ఫోటో కావాలనిపించింది. ఉత్తమ కార్మికుడు ప్రెస్సు మీద ఒక పెంకు తీస్తుండగా ఫోటో. అందరం ఊరేగింపుగా షెడ్డులోకి పోయాం.

మా ఆయన దండలతోనే ప్రెస్సు ముందర నిలబడ్డాడు. ఎవరో మట్టి పలక అందించారు. అచ్చులో పెట్టాడు. పిడి తిప్పాడు, అదీ అవతలి వైపుకు. అది కదలలేదు. ఇవతలికి తిప్పాడు. తీసి చూస్తే మట్టి మొత్తం అచ్చుకు కరుచుకుని కూర్చుంది. ముందుగా అచ్చుకు నూనె పుయ్యాలి. ఆ సంగతి అక్కడి పసిపిల్లలకు కూడా తెలుసు. మా ఆయన గోళ్ళతో గీకడం మొదలుపెట్టాడు. శాలువా మట్టిలో తడిసింది.

"నూనె పటేలా, నూనె!" అని మందిలో నుంచి మా జీతగాడు అరిచాడు. పాపం, ఎగతాళికి కాదు. తన ప్రెస్సు పాడవుతుందని అతని బాధ. ఆగలేక ముందుకొచ్చి, అచ్చు తుడిచి, నూనె పూసి, పలక పెట్టి, పిడి మీద మా ఆయన చేతులు పెట్టించి, వాటి మీద తన చేతులు పెట్టి తిప్పాడు. పెంకు పడింది. ఫోటో తీశారు. ఆఫీసరు మా ఆయన భుజం తట్టి, "ఇంత పనిమంతుడు, చూడండి, నలుగురిలో ఎంత బిడియపడుతున్నాడో," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చూసింది ఒకటి, చప్పట్లు కొట్టింది ఇంకొకదానికి. మా ఊరి వాళ్ళకు అది అలవాటే.

ఆ సన్మానం పుణ్యమా అని కొన్నాళ్ళకు మా ఆయన సూపర్‌వైజర్ అయ్యాడు. ప్రెస్సు పనివాళ్ళ జాబితా నుంచి పేరు తీసేసి సూపర్‌వైజర్లలో రాసుకున్నారు. ఆయనకు కుర్చీ వచ్చింది. ప్రెస్సు మీద ఖాళీ పడింది.

జీతగాడి సంబరం చూడాలి. పెళ్ళినాటి తెల్లంగి వాళ్ళావిడ చేత ఉతికించి, మా ఇంట్లో ఇస్త్రీ పెట్టె అడిగి తీసుకున్నాడు. ఏ రేకుల ఇల్లు తీసుకోవాలో కూడా చూసి వచ్చాడు, నీళ్ళ నల్లాకు దగ్గరగా ఉన్నది. కల్లు కూడా మానేశాడు, వారం రోజులు. మా మామ మాత్రం ముఖం ముడుచుకుని తిరిగాడు. "జీతగాడు నౌకరిదారైతె మనింట్ల పెండ ఎవడు దీస్తడు?" అని మా అత్తతో అంటుంటే నేను విన్నాను. ఏటా మాట ఇచ్చినప్పుడు ఈ పెండ సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

ఇంటర్వ్యూ పెట్టారు. బల్లకు అవతల మేనేజరు, పక్కన ఆ సెక్షన్ సూపర్‌వైజరుగా మా ఆయన. జీతగాడు మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చాడు. వాకిట్లోకి వచ్చి, తెల్లంగి విప్పి, మడిచి వాళ్ళావిడ చేతికిచ్చి అప్పుడు కూర్చున్నాడు.

"ఏమైంది?" అని నేనే అడిగాను.

"ప్రెస్సు పని తెలుసా అనడిగిండు మేనేజరు. రోజు జేస్తున్న సార్ అన్న. కాగితమున్నదా అన్నడు. లేదన్న. ఇగ పటేల్ దిక్కు తిరిగి, మీ సెక్షన్ల గీన పనిజేసిండా అనడిగిండు."

"ఆయన ఏమన్నడు?"

"నేనెన్నడు జూడలే సార్ అన్నడు."

వాళ్ళావిడ తలెత్తి నన్ను చూసింది. నేను ఏం చెప్పను? మా ఆయన అబద్ధమాడలేదు. ఆయన నిజంగానే ఎన్నడూ చూడలేదు. చూడాలంటే ప్రెస్సు దగ్గరికి పోవాలి కదా.

అనుభవం ఉన్న మనిషి దొరకలేదని ఇంటర్వ్యూ ముగించారట. సాయంత్రం మా ఆయన రాగానే నేను గట్టిగానే అడిగాను. నోటికొచ్చినవన్నీ అడిగాను. ఆయన చెప్పులు విప్పుతూ, "చూసిన అంటె నా సన్మానం ఏమైతది?" అన్నాడు. అంత నిజాయితీగా ఆయన నాతో మాట్లాడింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

మరునాడు పొద్దున జీతగాడు కొట్టం పని చేసి అరుగు మీద కూర్చున్నాడు. ఫ్యాక్టరీకి పోలేదు.

"ఇంకా ఫ్యాక్టరీకి పోలేదారా? ప్రెస్సు ఆగుతది," అన్నాడు మా ఆయన, పళ్ళు తోముకుంటూ.

"ఎవలి పేరు మీద పోవాలె పటేలా?" అన్నాడు అతను. "మీ పేరు ఆడికెళ్ళి తీసిరి. నా పేరు ఎక్కియ్యకపోతిరి. గేటు కాడ ఎవలని జెప్పాలె?"

మా ఆయన నోట్లో వేపపుల్ల అలాగే ఉండిపోయింది. అతను అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

ప్రెస్సు ఆగిపోయింది. రెండు మూడు రోజులు చూసి మేనేజరు జీపు వేసుకుని మా ఇంటికే వచ్చాడు. కొడుకు సూపర్‌వైజర్ అయినందుకు భోజనానికి పిలిచామని మా మామ అందరికీ చెప్పాడు, కోడిని కోయించాడు. నేను వడ్డిస్తూ, గడప దాటకుండా అడిగాను. "అనుభవం లేదన్నరు గదా సార్. మీ షీల్డు తెచ్చిన పెంకలు ఎవరు చేసినవో మీకు తెల్వదా?"

మా మామ కళ్ళెర్రజేశాడు. మేనేజరు మాత్రం కోపం తెచ్చుకోలేదు. పెరుగు కలుపుకుంటూ, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"తెలియకపోవడమేంటమ్మా, అన్నీ తెలుసు. కానీ లెక్క చూడండి. మీవాడి పేరు ఎక్కిస్తే ఒక మనిషి పెరుగుతాడు. పెంకులు పెరగవు, ఇప్పుడొచ్చేవే వస్తాయి. మరి తలకి వచ్చేది తగ్గిపోదూ? అతను ఎలాగూ చేస్తున్నాడు. అలాగే చేసుకోనివ్వండి. ఆ ఖాళీ నేను ఎత్తేస్తున్నాను."

నేను పప్పు గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. పేరు లేని ప్రెస్సు మీద పెంకులు పడాలి. సున్నాతో భాగిస్తే ఎంత వస్తుందో మా లెక్కల సారు ఎన్నడూ చెప్పలేదు. ఈయన మాత్రం ఎక్కడో నేర్చుకుని వచ్చాడు. పని చేసే మనిషి పేరు రాస్తే పని తగ్గిపోయే లెక్క అది. దాన్ని పెద్ద చదువులు చదివినవాళ్ళు జీపుల్లో తిరిగి నేర్పుతున్నారు. మా మామ కనీసం ఏ చదువూ లేకుండా ఆ పని చేశాడు. నాకు ఆ మనిషి తింటున్న విస్తరి లాగేయాలన్నంత కోపం వచ్చింది. లాగలేదు. ఇంకోసారి వడ్డించను కూడా లేదు.

చెయ్యి కడుక్కుని మేనేజరు వాకిట్లోకి పోయి జీతగాడిని పిలిచాడు. "రేపటి నుంచి రావయ్యా. నేను చూసుకుంటాను."

"ఎవలి పేరు మీద సార్?"

"పేరెందుకయ్యా, పని కావాలి గాని."

జీతగాడు పెద్దగా నవ్వాడు. సంవత్సరం నిండేదాకా మా ఇంట్లో గొడ్ల పనే చేశాడు. ఉగాదికి జీతం మాట తెగ్గానే భార్యాపిల్లలతో నిర్మల్‌కు నడిచి, ఇచ్చోడ మీదుగా పోయే లారీ ఎక్కి మహారాష్ట్ర వైపు వెళ్ళిపోయాడు. చాందా పక్కన పెంకుల బట్టీలు చాలా ఉన్నాయని ఎవరో చెప్పారట. వాళ్ళావిడ పోయేముందు నా దగ్గరికొచ్చి, "పోతున్న పటేలమ్మా," అంది, అంతే.

ఫ్యాక్టరీ సంగతి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఊళ్ళో మిగతా జీతగాళ్ళు కూడా ఒక్కొక్కరే బొంబాయికి, భీవండికి, దుబాయికి దారి పట్టారు. కొందరు పటేళ్ళు రోజులు బాగా లేవని కరీంనగర్‌లో ఇళ్ళు కట్టుకున్నారు. ప్రెస్సుల మీద బిళ్ళలున్న కార్మికులే మిగిలారు. వాళ్ళకు అచ్చుకు నూనె పూయడం కూడా రాదు. తొంభైల్లో మూసేసేటప్పుడు వచ్చిన ఆఫీసర్లు ఇక్కడి జనానికి పని అలవాటు లేదని తేల్చారు. మా ఆయన ఆ మాట ఇంట్లో చెప్పి, "నిజమే గద, మనకాడ పనిజేసేటోల్లు ఏడున్నరు?" అన్నాడు. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఎక్కడా నవ్వు లేదు. మనిషి మనస్ఫూర్తిగానే అంటున్నాడు.

కానీ ఇప్పటికీ నన్ను పట్టుకుని ఉన్నది ఫ్యాక్టరీ కాదు. అది మూతపడడానికి చాలా ముందు, వాళ్ళు చాందా పోయిన తర్వాతి బతుకమ్మ పండక్కి జీతగాడూ వాళ్ళావిడా ఊరికొచ్చారు. మా ఇంటికి కూడా వచ్చారు. అతను కొత్త చొక్కా వేసుకున్నాడు, కాస్త ఒళ్ళు చేశాడు. నేను అరుగు మీద కూర్చోమన్నాను. కూర్చున్నాడు. మా మామ లోపలి నుంచి దగ్గాడు కానీ బయటికి రాలేదు.

"నౌకరి దొరికిందా?" అన్నాను.

"దొరకకేంది పటేలమ్మా! పోయిన్నాడే దొరికింది. గా సేఠు కాగితం గీగితం అడుగలే. ఒక పెంక దియ్యి అన్నడు. తీసిన. ఇంకోటన్నడు. తీసిన. ఇగ మున్షీని పిలిచి గీన పేరు రాస్కో అన్నడు. బిళ్ళ ఇచ్చిండ్రు, ఉండతందుకు కోలి ఇచ్చిండ్రు, పగారు నా చేతులనే వెడ్తరు." అతని మాటలో అప్పుడే మరాఠీ కలిసింది.

నాకు గుండెలో చల్లగా అనిపించింది. మా ఆయన ముఖాన కొట్టినట్టే ఉంది కదా అని, నిజం చెప్పాలంటే, దానికీ సంతోషించాను. "ఇగ నీ పేరు మీద నౌకరి అయింది," అన్నాను.

అతను నవ్వాడు. ఆ నవ్వు పూర్తిగా రాలేదు.

"గదే గడ్‌బడ్ అయింది పటేలమ్మా. నావ్ కాయ్ అనడిగిండు మున్షీ. పేరేంది అని. నోట్లెకెళ్ళి పటేల్ పేరు ఒచ్చింది."

"ఏమన్నవు?"

"ఫ్యాక్టరీ గేటు కాడ ఎన్నేండ్ల సంది గదే పేరు జెప్తి గద. పేరేంది అనంగనే గదే ఒచ్చింది. ఆడు రాసుకున్నడు."

"మార్పిచ్చుకోకపోతివా?"

"తెల్లారి పోయి జెప్దమనుకున్న. మల్ల భయమైంది. నిన్న ఒక పేరు జెప్పి ఇయ్యాల ఇంకో పేరంటె దొంగోడనుకోరా? ఉన్న నౌకరి వోతది. ఉండనియ్యి తీయ్, పని నాదే గద, పగారు నాదే గద అనుకున్న." నాకు సమాధానం చెప్తున్నట్టు కాదు, చాలాసార్లు తనకు తానే చెప్పుకున్న మాట లాగా ఉంది అది.

చాందా పక్కన ఏదో పెంకుల బట్టీలో, ఆ ఊరు ఎన్నడూ చూడని మా ఆయన ఇప్పుడు కూడా కష్టపడి పనిచేస్తున్నాడన్నమాట. నవ్వొస్తుందేమోనని చూశాను. రాలేదు. ఏడుపు కూడా రాలేదు.

"ఆడ అందరు గా పేరుతోనే పిలుస్తరు," అంది వాళ్ళావిడ, తల వంచుకుని. "పక్కింటోల్లు, దుకాణపోల్లు, అందరు. పోరగాండ్లు సుత బాపు పేరేంది అని బడిల అడిగితె గదే జెప్తున్నరు."

ఆమె లేచి చీర సర్దుకుంది. పొద్దు వాలుతోంది, వాళ్ళు చీకటి పడకముందే వాళ్ళ వాడకు చేరాలి. అతను ఇంకా అరుగు మీదే కూర్చుని ఏదో ఆలోచిస్తున్నాడు. మా దిక్కున ఆడది మొగుడి పేరు పలకదు. ప్రాణం పోతున్నా పలకదు. ఆమె మాత్రం మా వాకిలి మధ్యలో నిలబడి, అతన్ని అతని సొంత పేరు పెట్టి పిలిచింది.

అతను వెంటనే పలకలేదు. ఆమె నా వైపు చూసి, "ఇంట్ల నేనొక్కదాన్నే పిలుస్తున్న పటేలమ్మా, మర్శిపోకుంట," అని, మళ్ళీ గట్టిగా పిలిచింది. మా ఇంట్లో అందరూ అతన్ని ఒరేయ్ అనేవాళ్ళం. ఆ పేరు ఆ వాకిట్లో నేను వినడం అదే మొదలు.